కోసేసిన రెండు పేజీలు

మా చరిత్ర సంఘంలో అందరికంటే ఎక్కువ అరిచేది నేనే. వికారాబాద్‌లో ఒక దర్జీ దుకాణం పైగదిలో నెలకోసారి కూర్చుంటాం. కొందరు అనంతగిరి చుట్టుపక్కల శాసనాలు రాసుకొస్తారు, కొందరు పరిగి వైపు ముసలివాళ్ల మాటలు రికార్డు చేసుకొస్తారు. వాటిని దిద్ది పుస్తకం చేసే పని నాది. బడిలో తెలుగు చెప్పి రిటైరైనా ఎర్ర పెన్ను ఇంకా నా చెయ్యి వదల్లేదు.

సంఘానికి ఒక నియమం ఉంది. ఎవరు చెప్పిన సంగతి వారికి చదివి వినిపించి, “ఔ, నేను గిట్లనే చెప్పిన” అని వాళ్లు అన్నాకే అచ్చుకు ఇవ్వాలి. పట్టుబట్టి ఆ నియమం పెట్టించింది కూడా నేనే. ఒకసారి మా కార్యదర్శి వినిపించకుండానే ఒక వ్యాసం ఇవ్వబోతే, నలుగురిలో ఆయన్ని కడిగేశాను. పాపం, ఆ పూట టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఈసారి పుస్తకం తాండూరు బండల గనుల్లో పనిచేసినవాళ్ల జ్ఞాపకాలు. అందులో చివరి వ్యాసం ఒక అవ్వది. ఆమె భర్త గనిలోనే పోయాడు. మూడు దఫాలు నన్ను కూర్చోబెట్టుకుని చెప్పింది.

“తాగి పడ్డడని ఊరంత అన్నరు బిడ్డా. నా అత్త గూడ అన్నది. ఆయన కల్లు ముట్టిన మనిషి గాదు. నెత్తి మీది బండ పగులువట్టిందని ముందటి రోజే మేస్త్రికి చెప్పిండు. అయినా దిగుమన్నరు. గిది రాయి. నేను సచ్చేలోపల ఒక్కసారన్న గిది కాయితం మీద వడాలె.”

రాస్తాను అవ్వా అని చేతిలో చెయ్యి వేసి మాటిచ్చాను.

ఇంతలో ఆవిష్కరణ తేదీ ఖాయమైంది. వచ్చే పెద్దమనిషికి ఆ రోజు తప్ప ఇంకో రోజు కుదరదట. ఇక చూడాలి నా అవస్థ! ఇంటికీ ప్రెస్సుకూ మధ్య కాలు కాలిన పిల్లిలా తిరిగాను. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఏదో మరిచిపోయాననిపించేది. అలాంటి ఒక మధ్యాహ్నం ప్రెస్సతను అన్నాడు, “మేడం, పదహారు పేజీలకు ఒక ఫారం. మనకు రెండు పేజీలు ఎక్కువైతున్నయి. జర కోస్తరా?”

నిలబడే కోసేశాను. చివరి వ్యాసంలో చివరి రెండు పేజీలు. “నా అత్త గూడ అన్నది” అన్న మాట దగ్గర వ్యాసం ఆగింది. ఆగినచోట భలే పదును వచ్చిందనిపించి మురిసిపోయాను కూడా. మిగతాది చదివేవాళ్లే ఊహించుకుంటారులే అనుకున్నాను. వినిపించడానికి తాండూరు పోయి రావాలంటే ఒక రోజు దండగ. ఆమె చెప్పిందే కదా, నేను కల్పించిందేముంది?

ఆవిష్కరణకు రెండు రోజుల ముందు, మొదటి ప్రతి ఆమెకే ఇద్దామని పొద్దుటి రైలెక్కాను. ధారూర్ దాటాక సంచిలోంచి పుస్తకం తీసి ఆ పేజీ చదివాను. ఇందులో ఆయన తాగే చనిపోయాడు! ఊరన్నది ఉంది, అత్త అన్నది ఉంది, ఆమె కాదన్నది లేదు. సీట్లో కూర్చోలేక తాండూరు దాకా తలుపు దగ్గరే నిలబడ్డాను. వచ్చే స్టేషన్లో దిగి వెనక్కి పోదామా అని కూడా అనిపించింది.

అవ్వ వాకిట్లో చాప పరిచి ఉంచింది. పక్కన మరిదిని కూర్చోబెట్టుకుంది. అన్న తాగే పడ్డాడని ఇన్నేళ్లుగా అంటున్న మనిషి ఆయనే.

“సదువు బిడ్డా. గట్టిగ సదువు, ఈయనకు ఇనవడాలె.”

చదివాను. ఆ చివరి మాట వచ్చింది. నేను ఆగలేదు. ఖాళీ కాగితం మీద చూపు పెట్టి, తాగలేదనీ, మేస్త్రికి చెప్పాడనీ, అయినా దిగమన్నారనీ జ్ఞాపకం ఉన్నంతా చదువుతున్నట్టే చెప్పుకుపోయాను. అవ్వ కళ్లు తుడుచుకుంటోంది. డిగ్రీ చదివే మనుమరాలు నా భుజం మీదుగా వంగి చూసింది.

“మేడం, మీరు చెప్పేది ఇందుల లేదు గద?”

సిగ్గుతో చచ్చిపోయాను. పేజీలు ఎక్కువైతే నేనే కోశానని ఒప్పుకున్నాను. మరిది లేచి చెప్పులేసుకున్నాడు. “నేను జెప్పిందే బుక్కుల వడ్డది గద వదినా,” అని వెళ్లిపోయాడు.

అవ్వ ఆయన్ని ఆపలేదు. పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“తప్పైంది అవ్వా. నువ్వు చెప్పిందంతా వేరే కాగితం మీద అచ్చేయించి ప్రతి పుస్తకంలో అతికిస్తా,” అన్నాను.

“ఎన్ని జేసిన్రు గీ బుక్కులు?”

“ఐదొందలు.”

“అంటే నా మొగడు ఐదొందల సార్లు తాగి సచ్చిండు మేడం,” అంది.

అంతకుముందెన్నడూ ఆమె నన్ను మేడం అనలేదు.