గుల్లల పైవరస

మా బాబాయిని అందరూ బెత్తెడు బాబాయి అనేవారు. పిన్నికి ఎంత కోపం వచ్చిందని అడిగినా చెయ్యి అడ్డంగా పెట్టి బెత్తెళ్లలోనే చెప్పేవాడు. వాన మొహం ఎరగని మా తీరంలో ఉప్పుమళ్లకు సముద్రపు నీరు వదిలే తలుపు ఆయన చేతిలో ఉండేది. పోటు నీరు ఎంత ఎత్తుకు వస్తుందో ఆ తలుపు పక్క రాతిగోడే చెప్పేది. నీరు తడిపిన మేరకే బతికే తెల్ల గుల్లలు అంతవరకూ అంటుకుని ఉండేవి. ముప్పై ఏళ్లుగా గోడకు పట్టిన గుల్లలు గోకుతున్నా, పైవరసను మాత్రం ఆయన ముట్టుకోలేదు. అదే ఆయన కొలత.

వెనక దిబ్బ మీద కూడా అలాంటి గుల్లల వరసలే, మెట్లు మెట్లుగా. సముద్రం ఒకప్పుడు అక్కడిదాకా ఎక్కిందని పెద్దలు చెప్పేవారు. అందుకే ఆ ఉదయం నేల ఊగి, తలుపు ముందరి కాలువలో నీళ్లు ఒక్కసారిగా వెనక్కి పోగానే, బాబాయి మమ్మల్నందరినీ ఆ వరసలన్నీ దాటించి దిబ్బ నెత్తికి తరిమాడు.

గంట గడిచింది. ఒక అల వచ్చి, కట్టను తాకి, కాలువ నిండా ఇసుక మేట వేసి పోయింది.

"కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది. పదండి, దిగుదాం," అన్నాడు ఉప్పుమళ్ల మేస్త్రీ.

మేట తియ్యకపోతే మళ్లకు కొత్త నీరు అందదు. ఆ ఏటి ఉప్పంతా చేదెక్కి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. పిన్ని పార భుజాన వేసుకుంది. బాబాయి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"దిగావంటే నా మీద ఒట్టే! సముద్రం ఎక్కాల్సినంత ఇంకా ఎక్కలేదు. ఆ వరసలు కనబడటం లేదా?"

"మళ్లు పోయాక మనం బతికి ఏం చేస్తాం? తప్పుకోవయ్యా!"

ఆమె తోసింది. ఆయన పడ్డాడు. పడి కూడా ఆమె కాలు వదల్లేదు. వాళ్లిద్దరినీ అలా చూడటం నాకు అదే మొదలు.

రెండో అల చప్పుడు ముందు వినబడింది. కాలువలో రెండు నిలువుల ఎత్తున బురదనీళ్లు పరుగెత్తాయి. కట్ట మీది తట్టలన్నీ కొట్టుకుపోయాయి. దిబ్బ అడుగు వరసను కూడా తాకకుండా నీళ్లు వెనక్కి మళ్లాయి. పిన్ని బాబాయి పక్కనే కూలబడి ఆయన చెయ్యి పట్టుకుంది.

మర్నాడు పోటు వచ్చింది, తలుపు గడపను తాకకుండానే ఆగింది. బాబాయి గుల్లల పైవరస నుంచి నీటిదాకా కొలిచాడు. ఎనిమిది బెత్తెళ్లు. వారం చూశాం, అంతే. ఎండకు గుల్లలు చచ్చి కంపు కొట్టాయి. ఆ తలుపుకి ఇక పని లేదు.

బాబాయి దిబ్బ వైపు చాలాసేపు చూశాడు.

"సముద్రం ఎప్పుడూ అక్కడికి ఎక్కలేదే," అన్నాడు పిన్నితో. "ఊగినప్పుడల్లా నేలే ఇలా పైకి లేస్తూ వచ్చింది. ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నాం."

పిన్ని గోకుడు కత్తి అందించింది. "అయితే ఈ పైవరసా గోకెయ్. లేకపోతే రేపు వచ్చేవాళ్లూ మనలాగే పొరబడతారు."

బాబాయి కత్తి తీసుకుని పక్కన పెట్టేశాడు.

"ఉండనీ. ఆ పొరపాటే కదా నిన్ను నాకు మిగిల్చింది."