వాగు అవతలి దుప్పి

మా నాన్నది జనగామలో కిరాణా దుకాణం. నేను ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌గా గంగారం అడవికి వచ్చి కొన్నేళ్లయినా, ఆయన ఫోన్‌లో అడిగేది ఒకటే: "దుప్పులను కాయనీకి గూడ జీతమిస్తరా బిడ్డా?"

ఇస్తారు. కానీ కాయడమంటే ఏమిటో ఆయనకు ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోయాను.

మా అడవిలో దుప్పుల మందలు పెరిగాయి, వాటితోపాటే ఉచ్చులూ పెరిగాయి. బైకు క్లచ్ వైరును ముడేసి, దుప్పులు నీళ్లకు దిగే దారిలో పొదలకు కట్టిపోతారు. మంద వెంట నడిచి ఆ దారులు కనిపెట్టి, ఉచ్చులు తీసేయడం మా పని. వానాకాలంలో ఆకు దట్టంగా పెరిగితే పక్కనున్న జంతువు కూడా కనపడదు. అందుకని మా రేంజికి ఒక థర్మల్ కెమెరా కొంటామన్నారు. దుర్భిణిలా కంటికి పెట్టుకుని చూసేది. ఒంటి వేడిని బట్టి జంతువును తెల్లగా చూపిస్తుంది, చుట్టూ అడవి నల్లగా ఉంటుంది.

"తిరిగేది నువ్వు. ఏది మంచిగుందో నువ్వే చూసి చెప్పమ్మా," అన్నారు రేంజర్ సార్.

వాటిని అమ్మే ఒకాయన హైదరాబాద్ నుంచి రెండు రకాలు పట్టుకొచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. వాన తెరిపిచ్చిన ఒక తెల్లవారుజామున ఆయనా, నేనూ, మా క్యాంపు వాచరూ కలిసి వాగు ఒడ్డుకు వెళ్లాం. వాచర్ది పక్క తండా. వయసులో నాకంటే చాలా పెద్ద కాబట్టి నేను అన్నా అని పిలుస్తాను.

మొదటి కెమెరా దూరాన్ని బాగా దగ్గరికి తెస్తుంది. వాగు అవతల ఒక దుప్పి చెవులు ఆడించడం కూడా కనిపించింది. సంబరపడ్డాను. అది కాస్త జరిగి చెట్టు వెనక్కి పోయిందో లేదో, మళ్లీ దాన్ని వెతుక్కోవడానికి మెడ నొప్పి పుట్టింది. అంత దగ్గరగా చూపిస్తుంది కాబట్టి పక్కనేముందో తెలియదు. రెండోదానిలో అన్నీ చిన్నగా ఉంటాయి, కానీ ఒడ్డంతా ఒక్క చూపులో వస్తుంది. ఆకుల సందుల్లో ఇక్కడో వీపు, అక్కడో కాలు, అలా మంద మొత్తం కనిపించింది.

"ఆకు వెనకాల ఉన్నదాన్ని ఏదీ చూపించదు మేడం. సందు ఉండాలి," అన్నాడాయన, దాచుకోకుండా.

మంద నెమ్మదిగా గుట్ట వైపు కదిలింది. ఒక్కటి మాత్రం కదల్లేదు. పైకి లేస్తోంది, పడుతోంది. దాని చుట్టూ ఒక చిన్న తెల్లటి ముద్ద తిరుగుతోంది.

"అన్నా, గది చూడు."

అన్న కెమెరా తీసుకుని చూశాడు. చాలాసేపు దించలేదు. "ఉచ్చుల పడ్డది మేడం. ఎనుక కాలు. పిల్లతల్లి."

మామూలు రోజుల్లో ప్యాంటు మడిచి దాటే వాగు అది. పైన ఎక్కడో పడిన వానకు ఎర్రగా పొంగి, కొమ్మలను దొర్లించుకుంటూ పోతోంది. నేను బూట్లు విప్పబోతే అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడూ అలా పట్టుకున్న మనిషి కాదు.

"వద్దు మేడం. ఇప్పుడు దిగితె మనం గూడ దొరకం."

అక్కడ సిగ్నల్ ఉండదు. మా ఒడ్డున వెనకున్న గుట్ట ఎక్కి రేంజర్ సార్‌కు ఫోన్ చేశాను. రోడ్డు మీది లోలెవల్ వంతెన మునిగిందనీ, మనుషులను తీసుకుని చుట్టు తిరిగి అవతలి ఒడ్డుకు వస్తాననీ చెప్పారు. "నువ్వు మాత్రం వాగుల దిగకు. ఇంటున్నవా? దిగకు."

గుట్ట దిగి వచ్చేసరికి వాళ్లిద్దరూ బండ మీద కూర్చుని ఉన్నారు. అమ్మే ఆయన నన్ను చూసి, "గట్టిగా అరిస్తే ఎవరైనా వస్తారేమో," అన్నాడు.

"అరవకుండ్రి సార్," అన్నాడు అన్న. "బెదిరితె ఇంకింత గుంజుకుంటది. గా బుగులుకే పాణం పోతది."

అరవడానికి కూడా వీల్లేకపోయింది. ముగ్గురం గుసగుసగా మాట్లాడుకుంటూ, కెమెరా చేతులు మార్చుకుంటూ కూర్చున్నాం. దుప్పి లేవడం తగ్గింది. పిల్ల వచ్చి దాని పొట్టకు ఆనుకుని పడుకుంది. రెండు తెలుపులూ కలిసి ఒకటిగా కనిపించాయి. చూడకూడదనుకుని కెమెరా పక్కన పెట్టేదాన్ని, మళ్లీ తీసేదాన్ని.

తరవాత మబ్బు విడి ఎండ వచ్చింది. అవతలి ఒడ్డున బండలు వేడెక్కడంతో అవీ తెల్లబడ్డాయి. ఏది బండో, ఏది దుప్పో తెలియకుండా పోయింది. ఎక్కడ ఉందో గుర్తు పెట్టుకుని చూస్తే ఒక తెల్లటి ఆకారం ఉంది, కదలడం లేదు.

"బతికే ఉందంటారా?" అని అమ్మే ఆయన్ని అడిగాను.

"ఒళ్లు చల్లారేదాకా ఇందులో తెలియదు మేడం," అన్నాడు, తన తప్పేదో ఉన్నట్టు.

రేంజర్ సార్ మనుషులు అవతలి ఒడ్డుకు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అన్న చెయ్యెత్తి చోటు చూపించాడు. వాళ్లు పొదల్లోకి వంగారు. కాసేపటికి సార్ నిలబడి, మా వైపు తిరిగి తల అడ్డంగా ఊపారు.

"పిల్ల ఉన్నదా సార్?" అని అరిచాను. ఇప్పుడు అరవడానికి అడ్డేమీ లేదు. వాగు హోరులో ఆయనకు వినపడలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. మళ్లీ అరిచాను. ఏమిటో అన్నారు, అది నాకు వినపడలేదు.

పిల్ల దొరకలేదని సాయంత్రం తెలిసింది. మర్నాడు నీళ్లు తగ్గాక అన్నా నేనూ అంతా వెతికాం. ఉచ్చు ఎవరు పెట్టారన్నదీ తేలలేదు.

కెమెరా సంగతి సార్ అడిగితే రెండోదే కావాలన్నాను. అడవిలో ముందు జంతువు ఎక్కడుందో తెలియాలి, పెద్దగా కనిపించడం తరవాత అని కారణం కూడా చెప్పాను. చలికాలంలో అది వచ్చింది. దానితో మందల దారులు కనిపెట్టి కొన్ని ఉచ్చులు తీసేశాం కూడా.

మొన్న భూపాలపల్లి అడవిలో పనిచేసే స్నేహితురాలు ఫోన్ చేసింది. వాళ్లకూ కొంటున్నారట, ఏది తీసుకోమంటావని అడిగింది. నాకు తెలిసిందంతా చెప్పాను: వెడల్పుగా చూపించేది తీసుకో, ఎండ ఎక్కకముందే చూడు, ఆకు సందుల్లో ఓపికగా వెతుకు.

"మంచిగ పనిచేస్తదా మరి?" అంది.

"చూపిస్తది," అన్నాను. ఇంకేదో చెబుతానని అటువైపు ఆగింది. వాగు అవతలి దుప్పి సంగతి చెప్పడం మొదలుపెట్టాను.