బాపుకు పతాక లేదు

మా కోరుట్ల వైపు గల్ఫులో ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే. మస్కటూ దుబాయే, కువైటూ దుబాయే. అందుకని పదిహేనేళ్ల వయసులో నేను దేశం తరపున చదరంగం ఆడడానికి గల్ఫుకు పోతున్నానని తెలియగానే, దుబాయికి పనికి పోతున్నానని మా వాడ మొత్తం ఖాయం చేసుకుంది. దేశం తరపున అన్న ముక్క ఎవరికీ ఎక్కలేదు. బతుకుతెరువుకు ఊరు విడిచినవాణ్ణి మా దగ్గర 'దేశం పోయిండు' అంటారు. ఆ లెక్కన మా వాడలో సగంమంది మగవాళ్లు దేశం తరపునే ఉన్నారు.

ఎదురింటామె నన్ను గడపలోనే ఆపి, కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా అని అడిగింది. ఆజాద్ వీసా అంటే ఎక్కడైనా పని వెతుక్కోవచ్చని ఏజెంట్లు అమ్మే వీసా. ఆటల వీసా అన్నాను. అట్లాంటిది ఆమె ఎన్నడూ వినలేదు. పిల్లను ఏజెంటు ముంచినట్టే ఉన్నాడని మా అమ్మ చెవిలో చెప్పి పోయింది. మా అవ్వ, అంటే మా బాపు తల్లి, ఇంకా లోతుగా ఆలోచించింది. "మీ అర్బాబు మంచోడేనా? పాసుపోర్టు గుంజుకుంటడా ఏంది?" అంది. అర్బాబు అంటే అక్కడి యజమాని. ఆమె భయమంతా మా జట్టు మేనేజరు గురించి. ఆయన నిజంగానే మా అందరి పాసుపోర్టులూ తీసుకుని తన సంచీలో పెట్టుకున్నాడు. తిరిగొచ్చాక కూడా ఈ సంగతి నేను అవ్వకు చెప్పలేదు.

నాకు ఆ ప్రయాణంలో ఒకటే ముఖ్యం. బాపును, అంటే మా నాన్నను చూడాలి. నాకు ఏడేళ్లప్పుడు పోయినవాడు ఎనిమిదేళ్లయినా రాలేదు. మొదటి కంపెనీలో మనిషిని మనిషిగా చూడకపోతే అందులోంచి బయటపడి దొరికిన పని చేసుకుంటున్నాడు. అట్లా కాగితాలు లేకుండా తిరిగేవాణ్ణి ఖల్లివెల్లి అంటారు. ఖల్లివెల్లి అయినవాడు దొరికితే జైలుకు పోతాడు, దొరక్కపోతే పనికి పోతాడు, ఇంటికి మాత్రం రాలేడు. పోటీ జరిగేది బాపు ఉన్న ఊళ్లోనే అని తెలిసిన రోజు నేను ఎగిరిన ఎగురుడుకు అమ్మ చేటలో కత్తిరించి పెట్టుకున్న బీడీ ఆకంతా చెల్లాచెదురైంది. వీపు మీద ఒకటి పడింది కూడా.

అసలు చదరంగం నాకు నేర్పిందే బాపు, అదీ ఫోనులో. కూలీలుండే క్యాంపులో పక్క మంచం మీద ఉండే పఠాను డ్రైవరు దగ్గర ఆయన నేర్చుకున్నాడు. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు ఫోను చేసేవాడు. అప్పటి ఫోన్లలో మొహాలు కనబడేవి కావు, గొంతు ఒక్కటే. నేను అట్టముక్క మీద గళ్లు గీసి, అమ్మకు బీడీ దారం అయిపోయిన రీళ్లను రాజూ మంత్రీ చేసుకున్నాను. వజీరును మూడిండ్లు జరుపు అని ఆయన అక్కణ్ణుంచి చెబితే ఇక్కడ జరిపేదాన్ని. ఓడిపోయేటట్టు ఉంటే మాత్రం లైను సరిగా లేదని పెట్టేసేవాడు. మా బాపుకు ఓడిపోవడం చేతకాదు, నాకూ అదే వచ్చింది.

పఠాను ఆటలో బంటు ఎప్పుడైనా ఒక్క ఇల్లే కదులుతుంది. జగిత్యాలలో నా మొదటి పోటీలో ఎదుటి పిల్ల మొదటి ఎత్తుకే బంటును రెండిళ్లు జరిపింది. తొండి అని లేచి నిలబడ్డాను. పోటీ పెట్టినాయన నిబంధనల పుస్తకం తెచ్చి చూపించాడు. పుస్తకం తప్పన్నాను. మా బాపు దుబాయిలో ఉంటాడు, ఆయనకు తెలియదా అన్నాను. ఆ రోజు ఆడిన ఆటలన్నీ ఓడి, బస్సులో కోరుట్ల దాకా మూతి ముడుచుకునే వచ్చాను.

సిరిసిల్ల పోటీనాటికి బంటుకు రెండిళ్లు ఒప్పుకున్నాను, మనసులో కాకపోయినా. హాలు పక్కనే సాంచెలు, అంటే మరమగ్గాలు. అప్పటికే సగం షెడ్లకు తాళాలు పడ్డాయి. మిగిలిన సగం చేసే చప్పుడుకే పట్నం పిల్లలు చెవులు మూసుకున్నారు. ఫోనులో క్యాంపు రొద మధ్య ఆట నేర్చుకున్న నాకు అదొక లెక్కా? చివరి ఆటలో నేను ఓడించిన పిల్ల వాళ్ల నాన్న మగ్గం ఆగిపోతే అదే పనికి భీవండి పోయాడట. ఆట అయ్యాక ఇద్దరం ఒక బెంచీ మీద కూర్చుని, ఎవరి నాన్న ఎక్కువ దూరంలో ఉన్నాడో పందెం వేసుకున్నాం. అది కూడా నేనే గెలిచాను.

అక్కణ్ణుంచి పై స్థాయి పోటీలకు పోయి, జట్టులోకి తీసుకోవాల్సిన పిల్లకు అమ్మవారు పోస్తే ఆమె బదులు నేను చేరాను. నలుగురు ఆడతారు, ఐదోది ఆటలో అరటిపండు. ఆ అరటిపండు నేనే. అయినా కోటు మాత్రం అందరితో సమానంగానే కుట్టించారు.

పోయే మనిషి దొరికితే మా వైపు వదిలిపెట్టరు. బుగ్గారం నుంచి ఒకామె భర్తకు షుగరు గోలీలు తెచ్చింది. చందుర్తి చుట్టాలు కొడుక్కి మామిడికాయ తొక్కు తెచ్చారు. బాపు చేతికిస్తే చాలు, ఆయనే అందరికీ పంచుతాడని అమ్మ సర్ది పెట్టింది. విమానాశ్రయంలో మేనేజరు నా సంచీ తెరిచి చూసి, ఆడడానికి వస్తున్నావా, కొట్టు పెట్టడానికా అని అడిగాడు.

అక్కడికి పోయిన రెండో రోజు మేనేజరు ఫోనే అడుక్కుని బాపుకు కలిపాను. హాలు ఎక్కడో చెప్పి రమ్మన్నాను.

"ఎట్లత్త బిడ్డా? గేటుకాడ పతాక సూస్తరు. నాకు పతాక లేదాయె."

పతాక అంటే అక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు. గల్ఫు ఇండ్లల్లో నడక రాని పిల్లలకు కూడా తెలిసిన మాట. మేనేజరు మాత్రం కోస్తా ఆయన, పుస్తకాల తెలుగు మనిషి. నా మొహం చూసి ఏమైందమ్మా అన్నాడు. మా బాపుకు పతాక లేదు సార్, అందుకే రాడట అన్నాను. ఆయన కళ్లు చెమర్చాయి. పతాకం లేదని కూతురి ఆట చూడడం మానుకునేంత దేశభక్తుడా మీ నాన్నగారు అని, పెట్టె తెరిచి, మడత నలగని జాతీయ జెండా నా చేతిలో పెట్టాడు. చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు.

నిజం చెప్పాలంటే మా బాపు దొంగచాటుగా బతుకుతున్నాడని చెప్పాలి. అంతమంది ముందు జెండా తీసుకుని థాంక్యూ సార్ అన్నాను, గదికి పోయి ఏడ్చాను. చివరికి శుక్రవారం మధ్యాహ్నం, ఆట అయ్యాక మేం బస్సు ఎక్కేచోటికి వస్తానని బాపే ఒప్పుకున్నాడు. అక్కడ కార్డు అడిగేవాళ్లు ఉండరట.

వచ్చాడు. రోడ్డు అవతల ఇస్త్రీ చొక్కాతో, తడి తలతో నిలబడ్డ మనిషిని నేను చూడగానే గుర్తుపట్టాను. కానీ పిలవలేదు. ఎనిమిదేళ్ల కోపం ఉంది నాకు. రానీ, తనే వచ్చి పిలవనీ అనుకుని, తొక్కు సీసాల సంచీ పట్టుకుని బిగుసుకుని నిలబడ్డాను. ఐదుగురమూ ఒకే రంగు కోట్లలో, ఒకే తీరు జడల్లో ఉన్నాం. బాపు అటూ ఇటూ చూసుకుంటూ రోడ్డు దాటాడు. మా ముందు ఒక్క క్షణం ఆగాడు. నన్ను దాటిపోయి మా జట్టులోని నాసిక్ పిల్ల తలమీద చెయ్యి పెట్టాడు.

"అచ్చం మీ అమ్మ లెక్కనే అయినవు గదా బిడ్డా" అన్నాడు.

తెలుగు ముక్క రాని ఆ పిల్ల, పెద్దాయన దీవిస్తున్నాడనుకుని వంగి కాళ్లకు దండం పెట్టింది. నా కోపం ఎటుపోయిందో పోయింది. తప్పు నాది. పిలిస్తే అయిపోయేది.

"బాపూ, గామె నాసిక్ పిల్ల. నీ బిడ్డను నేను. గిక్కడున్న."

ఆయన తిరిగి చూశాడు. నా మొహం చూసి, కాళ్ల దాకా చూసి, మళ్లీ మొహం చూశాడు. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. నా రెండు చేతులూ పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఇక్కడి సంగతి అక్కడ, అక్కడి సంగతి ఇక్కడ చెప్పుకుందామని దాచుకున్నవేవీ ఇద్దరికీ గుర్తు రాలేదు. బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. సంచీ అందుకుని బాపు ఒకే మాట అన్నాడు.

"మీ అమ్మకు చెప్పకు బిడ్డా."

ఇంటికొచ్చిన రోజు అమ్మ చేట ముందు నుంచి లేవలేదు. గెలిచామా ఓడామా అని కూడా అడగలేదు. బీడీ చుడుతూ, తల ఎత్తకుండా, బాపు నిన్ను గుర్తువట్టిండా అంది. రోడ్డు అవతలి నుంచే పట్టిండని చెప్పాను.

"పట్టకేం జేస్తడు" అని, అమ్మ ఇంకో ఆకు తీసుకుంది.