నాలుగో గేటు ముక్కన్న

"రేడియో ఊపితే గుడగుడమంటోందేంటి మామయ్యా?"

"స్టేషన్ దొరకడం లేదు."

"స్టేషన్ దొరక్కపోతే గరగరమంటుంది. ఇది గుడగుడమంటోంది."

"పాతదయ్యా. వయసైతే నాకూ కడుపులో అలాగే ఉంటుంది. పక్కకి జరుగు, ఆట మొదలవుతోంది."

"వెనక మూత తియ్యండి."

"అల్లుడివని ఊరుకుంటున్నా."

"మామయ్యగారని నేనూ బతిమాలుతున్నా. తియ్యండి."

మూత తీస్తే, బ్యాటరీలు ఉండాల్సిన చోట పలకలాంటి సీసా ఒకటి హాయిగా పడుకుని ఉంది. ఫుట్‌బాల్ మైదానంలోకి మందు తేకూడదు, తాగి రాకూడదు అన్న బోర్డు సరిగ్గా ఆ పెద్దాయన నెత్తి మీదే వేలాడుతోంది. బోర్డు మీద చివరి వాక్యం: పట్టుబడితే ఆ రోజుకి వెనక్కి ఇంటికే, మూడుసార్లు పట్టుబడితే సీజన్ టికెట్ శాశ్వతంగా రద్దు. ఆయనకిది రెండోసారి. మొదటిసారి టోపీ అస్తరులో దొరికింది.

ఆ గేటు దగ్గర టికెట్లు చింపే పని నాది. సోదా చేసేది ఆ అల్లుడు, మా ముక్కన్న. అసలు పేరు జీతం కాగితాల మీద ఉంటుందేమో, నేనెప్పుడూ వినలేదు.

వారమంతా ఆయన పాలకేంద్రంలో ఉంటాడు. పొద్దున్నే వచ్చే క్యాన్ల మూత ఎత్తి, ముక్కు పెట్టి, "పోనీ" అనో "ఆపు" అనో చెప్పడమే ఉద్యోగం. యంత్రానికి పది నిమిషాలు పట్టేది ఆయనకి ఒక్క ఊపిరి. ఆ ముక్కు కోసం ఇరవై రెండేళ్ళుగా పచ్చి ఉల్లిపాయ తినలేదు, పొగ పీల్చలేదు, మందు చుక్క నాలుక మీద వేసుకోలేదు. ఆయన భార్య, అంటే మా వదిన, పెళ్ళినాడు పూసుకున్న అత్తరే ఆఖరు. ఆ తర్వాత అంతా వాసన లేని సబ్బుతోనే కాపురం.

ఆట ఉన్న రోజు మాత్రం ఆ ముక్కుని మా గేటుకి తెస్తాడు. ఎవరి జేబులోనూ చెయ్యి పెట్టడు. మనిషి ఎదురుగా నిలబడి ఒక్కసారి గాలి లోపలికి తీసుకుని, "ఎడమ మేజోడు" అంటాడు. అంతే. వాడు మొహం మాడ్చుకుని మేజోడు విప్పుతాడు.

ఇంకో జబ్బు కూడా ఉంది, అబద్ధం ఆడడు. ఇదేదో గొప్పగా చెప్పడం లేదు. అలాంటివాడి పక్కన పనిచేస్తే తెలుస్తుంది ఆ నస. గేటు ఇన్‌ఛార్జి మేడం ఒకసారి అభిమానంగా అందరికీ ఇంటి నుంచి టీ తెచ్చి, ఎలా ఉందని అడిగింది. మేమంతా అమృతం అన్నాం. ఈయన "పాలు నిన్నటివి" అన్నాడు.

మామగారు దర్జీ. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఏడో వరసలో అదే సీటు. ఇన్నాళ్ళూ వేరే గేటు నుంచి వచ్చేవాడు, ఈ సీజన్ చివర్లోనే మా గేటుకి మార్చారు. పనిమంతుడు, లేని జేబుని కూడా ఉన్నట్టు, ఉన్న జేబుని లేనట్టు కుట్టగలడు. మందు లేకుండా ఆట చూడటమంటే దారం లేని సూదితో కుట్టడమని ఆయన సిద్ధాంతం.

రేడియో వ్యవహారం తెలిశాక వదిన తెగేసి చెప్పిందట. "మా నాన్నకి ఉన్న సంతోషం ఆ సీటొక్కటే. అది నీ చేతుల మీదుగా పోతే, నువ్వు పాలకేంద్రంలోనే పక్క వేసుకో." పోనీ చూసీచూడనట్టు వదిలేద్దామంటే, వదిలినవాడి ఉద్యోగం ఊడుతుంది. పైగా ఈ గేటు దగ్గర తొమ్మిదేళ్ళలో ఆ ముక్కు కింద నుంచి ఒక్క సీసా దాటలేదు. ముక్కన్నకి నిద్ర పట్టలేదు.

సీజన్ ఆఖరి ఆట వచ్చింది. ఆ మధ్యాహ్నం మేడం ఊదుడు యంత్రం ఒకటి పట్టుకుని మా గేటు దగ్గరే నిలబడింది. అనుమానం ఉన్నవాడు అందులో ఊదాలి. మామగారు వరసలో ఇంకా పదిమంది వెనక ఉండగానే ముక్కన్న ముక్కుపుటాలు అదిరాయి. నా వైపు చూసి, "అయిపోయింది తమ్ముడూ" అన్నాడు.

పెద్దాయన చేతిలో వల సంచి, అందులో ఆరు కమలాపళ్ళు. టోపీ లేదు, కోటు లేదు, రేడియో లేదు. మొహం పాలుతాగే పిల్లాడిలా ఉంది. పండు పండుకీ తొడిమ పక్కన సన్నటి చిల్లు. ఇంజెక్షన్ సూదితో మందు ఎక్కించాడు. సూది మారింది గానీ పనితనం అదే.

"ఏం తెచ్చారు తాతగారూ?" అంది మేడం.

"పళ్ళమ్మా. ఆరోగ్యం కోసం."

ముక్కన్న పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. కాసేపు ఆకాశం వైపు చూశాడు, తర్వాత సంచి వైపు.

"మామయ్యా, పొద్దున్నుంచి ఏం తినలేదు. ఆకలేస్తోంది."

అది నిజమే. ఆందోళనలో తినలేదు.

అల్లుడు నోరు తెరిచి అడిగాడు. పదిమందీ చూస్తున్నారు. ఏ మామ కాదంటాడు? తేలు కుట్టిన దొంగలా పెద్దాయన ఒక పండు తీసి ఇచ్చాడు. ముక్కన్న అక్కడే ఒలిచి, కళ్ళు మూసుకుని, తొనలన్నీ నమిలి మింగాడు. చెయ్యి చాపాడు. రెండోది. మళ్ళీ చాపాడు.

"కడుపు చెడుతుందిరా నాయనా" అన్నాడు మామగారు, సంచి వెనక్కి లాక్కుంటూ.

"ఇంకోటివ్వండి."

"ఆఖరిదైనా నాకుంచు."

ఉంచలేదు. మామా అల్లుళ్ళ అన్యోన్యత చూసి మేడం కళ్ళు చెమర్చాయి. పెద్దాయన కళ్ళు కూడా చెమర్చాయి గానీ కారణం వేరు. ఖాళీ సంచి ఊపుకుంటూ లోపలికి పోయాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి ఒక ఆట పూర్తి తెలివితో చూశాడు. విరామంలో నా దగ్గరికొచ్చి, చాలా బాధగా అడిగాడు. "మనవాళ్ళు ఎప్పుడూ ఇంత దరిద్రంగానే ఆడతారా?"

ఈలోగా గేటు దగ్గర ముక్కన్నకి పాలకేంద్రం పూనింది. ఆలస్యంగా వచ్చిన జనాన్ని ఒక్కొక్కరినీ భుజాలు పట్టుకుని నిలబెట్టి వాసన చూస్తున్నాడు. "ఈ క్యాన్ బాగుంది, పోనీ." "నువ్వు కొంచెం పులిశావు, పక్కన నిలబడు." ఒక లావుపాటాయన్ని వాటేసుకుని, "గేదెపాలు, చిక్కగా ఉన్నాయి" అని మెచ్చుకున్నాడు. నేను ఆయన్ని కుర్చీ మీదికి లాగేలోపే మేడం యంత్రం తెచ్చి నోటి ముందు పెట్టింది.

ఆ రోజు ఆ యంత్రం కూత పెట్టింది ఒక్కసారే. అది మా ముక్కన్నకి.

ఆట అయ్యాక, ఖాళీ గేటు పక్కన సిమెంటు బెంచీ మీద ఆయన చేతిలో మెమో. విధి నిర్వహణలో మద్యం సేవించినందుకు సోమవారంలోగా సంజాయిషీ రాసివ్వాలి. సరిగ్గా లేకపోతే గేటు పని పోవడమే కాదు, పాలకేంద్రానికి కూడా రాసి పంపుతారు. తాగుబోతు ముక్కుని పాల క్యాన్ దగ్గరికి ఎవడూ రానివ్వడు. ఆ సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు. మత్తు దిగిపోయింది. మొహం పాలిపోయి ఉంది.

"వదినకి చెప్పావా?"

"చెప్పా. నాన్న సీటు ఉందా అని అడిగింది. ఉందన్నా. అయితే ఇంటికి రా అంది."

"మరి ఉద్యోగం?"

మెమోని మోకాలి మీద పెట్టి మడతలు సాపు చేశాడు. తర్వాత నా జేబులో ఉన్న కలం వైపు చూశాడు.

"నువ్వు కాలేజీలో చదివావు కదా తమ్ముడూ. సంజాయిషీలు రాసుంటావు."

"చాలా రాశానన్నా. అవి పనిచేసుంటే ఇక్కడ టికెట్లు ఎందుకు చింపుతా?"

"పర్లేదు. నాకొకటి రాసిపెట్టు. మామయ్య ఊసు రాకూడదు. అబద్ధం కూడా ఒక్కటి ఉండకూడదు."