ఇద్దరు వెంకటేశులు

మొన్న మా అక్క కూతురు ల్యాప్‌టాప్ నా వైపు తిప్పి, ఒక ఆసుపత్రికి కావలసిన డేటా మోడల్‌ను, అంటే ఏ సమాచారం ఏ పట్టికలో ఉండాలో, దేనికి దేనితో చుట్టరికమో చెప్పే పటాన్ని, నేను కాఫీ తాగేలోపు సాఫ్ట్‌వేర్ చేత గీయించి చూపించింది. మా రోజుల్లో అలాంటి పటానికి కాఫీలు చాలా ఖర్చయ్యేవి, పటం మాత్రం తేలేది కాదు.

మా రోజులంటే, తిరుపతిలో ఒక ఆసుపత్రి మేడమీద, కంప్యూటర్ సెక్షన్లో నేనూ, ఈ పిల్ల తండ్రి అయిన మా బావా పనిచేసిన రోజులు. నేను చార్టుల మీద స్కేలు పెట్టి గీతలు గీస్తుంటే బావ చూసి చూసి, "ఏం బామ్మర్దీ, గీతలకేనా నీకు జీతమిచ్చేది? కంప్యూటర్ని గూడా కొంచిం కష్టపడనీ అబ్బా" అనేవాడు. అన్నట్టే ఒక ప్రోగ్రాం రాసి, పాత ఫైళ్ళను అదే చదివి అదే పట్టికలు కట్టేలా చేసినాడు. నెలల పని రోజుల్లోకి వచ్చింది. ఆ ఊపులో, రెండుసార్లు నమోదైన రోగులను ఒకటిగా కలిపే పనీ దానికే అప్పగించినాడు: పేరు, తండ్రి పేరు, ఊరు ఒకటైతే మనిషీ ఒకడే. కౌంటర్ దగ్గర మా వైపు జనం వయసు తోచినంత చెబుతారు గనుక దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

కొన్నాళ్ళకు వార్డు నుంచి కబురొచ్చింది. పుత్తూరు పక్క పల్లె నుంచి కాలికి చీము పట్టి వచ్చిన వెంకటేశుకు నర్సమ్మ కంప్యూటర్లో చూసుకున్నాకే ఇంజక్షన్ ఎత్తింది. అతనికి ఆ మందు పడదన్న మాట ఒకప్పుడు అందులో ఉండేది. తమ్ముడి వివరాలతో కలిసిపోయి మాయమైంది. పక్కనున్న తల్లి నర్సమ్మ చేయి పట్టుకుంది.

మేం దిగి వెళ్ళేసరికి ఆమె ఇంకా ఆ చేయి వదల్లేదు. "ఈడు పెద్దోడు సారూ, సిన్నోడు ఇంటికాడ ఉండాడు. మొక్కుకోని ఇద్దరికీ ఆ సామి పేరే పెట్టుకుంటిమి. పోయినసారి ఈ సూదికే ఈడికి ఊపిరాడకపాయె."

మా బావ ఆ రోజంతా ఒక్క హాస్యమూ ఆడలేదు. మా ఇంట్లో అది డాక్టరుకు చూపించవలసిన లక్షణం. మరునాడు ప్రోగ్రాంను మార్చినాడు. ఒకేలా కనిపించిన జంటలను అది చూపించి ఆగుతుంది, మేమిద్దరం కిందికి దిగి మనుషుల్ని అడిగి వస్తాం. పని నెమ్మదించిందని పైవాళ్ళు గొణిగితే, మోకాళ్ళకు మంచిదని చెప్పినాడు.

బావ పోయి చాన్నాళ్ళయింది. మొన్న ఆ పిల్ల తెర మీద కూడా అదే ప్రశ్న వచ్చింది, ఈ ఇద్దరు రోగులూ ఒకరేనా, కలపమంటారా అని. ఆమె చేయి మీట మీదికి పోయి ఆగింది.

"నాయన ఉంటే నిన్ను కిందికి తోలేవాడు గదా మామా?"

తోలేవాడే. కానీ ఆ ఆసుపత్రి ఏ దేశంలోదో ఆ పిల్లకే సరిగ్గా తెలియదు. ఇద్దర్నీ ఇద్దరుగానే ఉంచి మూత వేసింది. పని మాకంటే ఎంతో తొందరగా అవుతోంది, సంతోషమే. మాకు మాత్రం ఆ రోజుల్లో, తెలియనిదేదైనా మెట్లు దిగి అడిగితే దొరికేది.