ఎర్రగా కాలిన రింగులు

ఉక్కు ఊళ్ళో ఉండి ఇనుమును పొడి చేస్తానంటే మా చుట్టాలకు నవ్వు. ఆ పొడితోనే మోటార్ల లోపలి రింగులు చేస్తామని ఎంత చెప్పినా వాళ్ళ చెవికెక్కదు. సిలికాన్ కలిపిన ఇనప పొడికి, రేణువు రేణువుకూ కరెంటు దాటనివ్వని పూత పూస్తాం. అచ్చులో నొక్కి, చివర ఒక్కసారి ఫర్నేస్‌లో పెడతాం. వేడి చాలకపోతే రింగు పనికిరాదు, మించితే పూత కాలిపోతుంది. నాకు నిద్ర లేకుండా చేసింది ఇదే.

దువ్వాడ దగ్గర చిన్న ల్యాబ్ మాది. ఆ వారం మోటార్ల కంపెనీకి పంపే రింగులు పరీక్షలో నెగ్గకపోతే మా విభాగం మూసేస్తామని పెద్దసారు చెప్పేశారు. పైగా వానలు. ఉప్పుగాలికి పొడి తుప్పు పడుతుందేమోనని రోజుకు పదిసార్లు డబ్బాల మూతలు తడిమి చూసుకునేదాన్ని.

ఫర్నేస్ చూసే పెద్దాయనను మామయ్యా అని పిలిచేదాన్ని. ఉక్కు కరిగించే చోటే, రంగు చూసి వేడి చెబుతూ జుట్టు నెరిసిన మనిషి. ఆ ఉదయం ఆయనకు చీటీ మీద ఐదొందల డిగ్రీలని రాసిచ్చి, పెద్దసారు పిలిస్తే వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఫర్నేస్ అద్దంలోంచి రింగులు ఎర్రగా నిప్పుల్లా కనిపించాయి. అంత ఎరుపంటే పూత కాలిపోయినట్టే.

"ఎంతలో పెట్టేవు మామయ్యా?"

"నువ్వు రాసిన కాడికే పెట్టేనమ్మా. ఎంతసేపు సూసినా రంగు రానేదు. మీటరు సెడిపోయిందనుకుని పెంచేను. ఇనుమన్నాక ఎర్రబడకపోతే ఏటది?"

అందరి ముందూ అరిచేశాను. ఐదొందలకు రంగే రాదు, చదవడం రాదా అన్నాను. రింగులన్నీ పాడయ్యాయి, పొడి ఇక ఒక్క డబ్బాయే మిగిలింది. మళ్ళీ నొక్కించి, ఈసారి నేనే ఫర్నేస్ ముందు కూర్చున్నాను. ఆయన నా వెనకాలే నిలబడ్డాడు.

"రంగు రాదంతన్నావు. మరి నానేటి సూడాలమ్మా?"

"నువ్వేం చూడక్కర్లేదు. మీటరుంది" అన్నాను, తల తిప్పకుండా.

రింగులు నెగ్గాయి. విభాగం నిలిచింది. మామయ్య మాత్రం సోమవారం నుంచి పనిలోకి రాలేదు. ఇన్ని నెలల్లో ఆయనకు అంకెలే రాసిచ్చాను గానీ, ఆ పూత సంగతి ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడైనా చెబుదామని రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు.