బాలింత పథ్యమూ ఆక్టోపస్ తల్లీ

మాఘమాసంలో ఒక ఆదివారం సాయంత్రం. ప్రత్తిపాడు, మా ఇంటి వసారా. హాజరైనవారు: నాయనమ్మ, అమ్మ, పురిటికి వచ్చిన అక్క, ఆమె ఒళ్లో నెల నిండని పసివాడు, కొడుకును చూసుకోవడానికి వచ్చిన బావగారు, నేను.

ఉద్యోగం లేని ఆ వయసులో నాకు ప్రతిదీ పద్ధతిగా రాసుకునే జబ్బు ఉండేది. (ఉద్యోగం చేసి రిటైరైనా తగ్గలేదని మా ఆవిడ అంటుంది.) జువాలజీ ఎమ్మెస్సీ పాసై, మర్నాడు గుంటూరులో ఒక కాలేజీలో డెమో పాఠం చెప్పాలి. అంశం ఆక్టోపస్‌ల సంతానోత్పత్తి. నేను సముద్రం చూసింది బాపట్ల వెళ్లినప్పుడు ఒక్కసారి, అదీ స్నానానికి. అయినా ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి, తలుపు మీద సుద్దముక్కతో ఎనిమిది చేతులూ గీసి మొదలుపెట్టాను. అసలు ఆ రోజుల్లో మా ఇంట్లో బాలింత విషయంలో నాయనమ్మ మాటే చట్టం. పాతబియ్యం అన్నం, వెల్లుల్లి కారం, కొలిచి పోసిన కాచిన నీళ్లు, అంతే. పెరుగు మాటెత్తితే పసివాడికి జలుబు చేస్తుందని కళ్లెర్రజేసేది. గరిటెడు పెరుగన్నం కోసం అక్క వారం నుంచీ బతిమాలుతోంది. మొహం పీక్కుపోయింది. అమ్మకు పెట్టాలనే ఉంది గానీ అత్తగారి మాట దాటే ధైర్యం లేదు.

"ఈ తల్లి గుడ్లను రాతి కింద దండల్లా వేలాడదీసి, వాటి మీదకు నీళ్లు చిమ్ముతూ కాపలా కూర్చుంటుంది. తిండి ముట్టదు. పిల్లలు బయటికొచ్చే వేళకు చచ్చిపోతుంది" అన్నాను.

"విన్నావా నాయనమ్మా, వీడు నా కథే చెప్తున్నాడు" అంది అక్క.

"విన్నాలేవే. పిల్లలు క్షేమమేనారా?"

"క్షేమమే నాయనమ్మా."

"మరింకేం! పథ్యం సరిగ్గా చేసిందన్నమాట."

బావగారు గొంతు సర్దుకుని, "మరి మగది ఏం చేస్తుంది బావా?" అన్నారు. జత కట్టాక కొద్దికాలానికి అదీ పోతుందని చెప్పాను. ఆయన చేతిలోని చేగోడీ పళ్లెంలో పెట్టేశారు.

నేను పరిణామంలోకి దిగాను. కొన్ని జాతులు లెక్కలేనన్ని చిన్న గుడ్లు పెట్టి పిల్లల్ని నీటివాలుకు వదిలేస్తాయనీ, కొన్ని కాసిని పెద్ద గుడ్లే పెట్టి, పుట్టగానే పాకి వేటాడగల పిల్లల్ని కంటాయనీ, ఏ దారి పట్టినా మామూలుగా తల్లికి ఒక్కటే కాన్పు అనీ చెప్పాను. పుట్టిన పిల్లకు తల్లితో పనిలేదు కనక తల్లి ఒళ్లంతా గుడ్లకే ధారపోసే తీరు యుగాల మీద స్థిరపడింది. "వరీ అంతే, కంకి పండితే దుబ్బు ఎండిపోతుంది. మనిషి మిరపచెట్టు లాంటిది. కోత మీద కోత!" అన్నాను, పోలిక కుదిరిన సంతోషంతో.

అక్క నిటారుగా లేచి కూర్చుంది. "కోత అవగానే మిరపకు నీళ్లు పెడతారుగా! మరి నాకేదీ?"

బావగారు పగలబడి నవ్వారు. అమ్మ పైటకొంగు నోటికడ్డం పెట్టుకుంది. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. "ఆ సముద్రప్పురుగుకూ నా మనవరాలికీ పోలికేంట్రా!" అని విసురుగా లోపలికి పోయింది. (నత్తజాతి అని సరిచేయబోయాను. అమ్మ కళ్లతోనే ఆపింది.) పాఠం అక్కడితో ఆగిపోయింది. అక్క మళ్లీ కారమన్నమే తిని, గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్నే నేను బస్సుకు బయల్దేరబోతుంటే, వంటింట్లో నాయనమ్మ అక్క ఎదురుగా పీట మీద కూర్చుని ఉంది. కంచంలో పెరుగన్నం. (గోరువెచ్చగా, మిరియాల పొడి వేసి. పూర్తిగా ఓడిపోవడం ఆవిడకు చేతకాదు.) అక్క కళ్లు మూసుకుని తింటోంది.

"ఒరేయ్, ఆ తల్లికి ఇంత పెట్టడానికి వాళ్లమ్మ లేదట్రా?" అంది నాయనమ్మ.

"లేదు నాయనమ్మా. ఇది పుట్టే వేళకే ఆవిడా పోయింది."

నాయనమ్మ గిన్నెలో మిగిలిన పెరుగంతా కంచంలోకి వంచేసింది. వీధి చివర బస్సు హారన్ మోగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆక్టోపస్‌ల గురించి సమస్తం తెలుసనుకున్న ఆ కుర్రాడు గడపలోనే నిలబడిపోయాడు. తలచుకుంటే ఇప్పటికీ వాడి మీద జాలీ, కాస్త ముద్దూ వస్తాయి. ఆ బస్సు తప్పిపోయింది. మరో బస్సు వచ్చేలోగా అక్క ఆ పెరుగులోకి మారు అన్నం వడ్డించుకుంది.